ఆ మందలో గొర్రె చావదు

మా మేడ మీది గదిలో అద్దెకుండే నాగరాణి ఏం పని చేస్తుందని వీధిలో ఎవరైనా అడిగితే, "గొర్రెల రక్తం లెక్కలు చూస్తుంది" అని చెప్పేదాన్ని. "పశువుల డాక్టరా?" అనేవాళ్ళు. "కాదు, కంప్యూటర్" అనేదాన్ని. అంతే, ఇక ముందుకు అడిగే ఓపిక మా వికారాబాద్‌లో ఎవరికీ ఉండదు. ఉప్పు, పప్పు, పిల్లల పెళ్ళిళ్ళ మాటల్లోకి వెళ్ళిపోయేవాళ్ళు. నాకు మాత్రం ఓపికే ఓపిక. నేను అరుణాదేవిని. తాండూరు కిరాణా వ్యాపారుల ఇంట పుట్టి, ఇక్కడి జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పి, పిల్లలచేత కప్పలను కోయించి రిటైరైనదాన్ని. దయ్యాలూ భూతాలూ అంటే నాకు నమ్మకం లేదు. ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, మిగతాది విన్నాక మీరు నన్ను అనుమానిస్తారు.

నాగరాణిది బషీరాబాద్ అవతల, కర్ణాటక సరిహద్దుకు ఆనుకున్న ఊరు. కురుమల పిల్ల. చిన్నప్పుడే తాండూరు హాస్టల్‌లో వేశారు. తర్వాత హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ చేసి, అక్కడి పరిశోధన సంస్థలోనే ఉద్యోగం తెచ్చుకుంది. పిలిచినప్పుడు రైలెక్కి వెళ్ళి వస్తుంది, మిగతా రోజులు గదిలోనే పని. కంప్యూటర్ మొరాయిస్తే కన్నడంలో తిడుతుంది. కుర్చీ మీద నల్ల గొంగడి పరుచుకుని కూర్చుంటుంది, ఎండాకాలంలో కూడా. "గుచ్చుకోదానే?" అంటే, "గుచ్చుకుంటెనే నిద్ర రాదు మేడం" అంటుంది. పెంకి పిల్ల. నాకు ఇష్టం.

ఆమె పని నాకు అర్థమైనంతలో ఇది. జీవి ఒంట్లో ఏ కణంలో చూసినా జన్యువులు అవే. ఇంట్లో అందరికీ నోరున్నట్టే. కానీ ఎవరు ఎప్పుడు ఎంత గట్టిగా మాట్లాడుతున్నారన్నది మారుతూ ఉంటుంది. ఎండకు కొన్ని గొంతు పెంచుతాయి, ఆకలికి కొన్ని, రోగానికి కొన్ని. ఆ గొంతులను రక్తంలోంచి కొలిచి, అంకెలు చేసి ఆమెకు పంపిస్తారు. ఒక్కో గొర్రెకు వేల జన్యువులు. ఆమె దగ్గరున్న గణాంక సాఫ్ట్‌వేర్ రెండు గుంపులను ఎదురెదురుగా పెట్టి, ఒక్కో జన్యువునూ అడుగుతుంది, నువ్వు ఈ గుంపులో ఎక్కువ మాట్లాడుతున్నావా, ఆ గుంపులోనా అని. చెప్పిన జవాబును వెంటనే నమ్మదు. వేలమందిని అడిగితే ఊరికే అరిచేవాళ్ళు కొందరుంటారు కదా, వాళ్ళను ఏరి పక్కన పెడుతుంది. ప్రోటీన్లకైనా ఇదే పద్ధతి.

"ఇది ఏమున్నదో చెప్పదు మేడం. తేడా ఏడున్నదో చెప్తది. గంతే" అనేది నాగరాణి.

ఆ ఏడాది వాళ్ళు చూస్తున్నది నల్ల గొర్రెలు వాన తడిని ఎలా తట్టుకుంటాయన్నది. వానలకు ముందోసారి, వానలు వెళ్ళాక ఇంకోసారి అవే గొర్రెల రక్తం తీశారు. పరిగి వైపు మందల్లో గొర్రెల చెవులకు ప్లాస్టిక్ బిళ్ళలు వేసి నంబర్లిచ్చారు. నాగరాణి వాళ్ళ మందకు మాత్రం వేయలేదు. చెవికి తమ ఇంటి కోత ఉంటుందని, దాని మీద ఇంకెవరి గుర్తూ పడకూడదని ఆమె తల్లి రామమ్మ ఒప్పుకోలేదు. "మా అవ్వకు ఒక్కొక్క గొర్రె మొఖం తెలుసు, పేరు తెలుసు, నంబరెందుకు?" అని నాగరాణే ఆఫీసులో హామీ ఇచ్చింది. అలా ఆ ట్యూబుల మీద గంగి, పోశి, ఎర్రచెవుల, బొట్టుది అని పేర్లు వెళ్ళాయి.

అయితే నాగరాణి మనసు ఆ రోజుల్లో గొర్రెల మీద లేదు. తమ్ముడు మల్లేశ్వర్ భార్య సింధుజ మీద ఉంది. మల్లేశ్వర్ తాండూరులో నాపరాళ్ళ పాలిష్ పనికి పోతాడు. సింధుజ అత్తతో కలిసి మంద చూసుకుంటుంది. తొలిచూలు, ఆరో నెల. వానలు వెళ్ళినప్పటి నుంచి ఆ పిల్లకు సాయంత్రమైతే జ్వరం. ఒళ్ళు కాలిపోతుంది, చెమటలు పడతాయి, తెల్లారేసరికి ఏమీ ఎరగనట్టు లేచి తిరుగుతుంది. తాండూరులో డాక్టర్ రెబెక్క దగ్గర చూపించారు. ఆవిడ మొదట అడిగిన ప్రశ్న, "మీ మందల గొర్రెలు నెలలు నిండకముందే పిల్లలేసినయా? ఏమన్న చచ్చిపోయినయా?" అని. గొర్రెల నుంచి మనుషులకు అంటే జ్వరాలు కొన్ని ఉన్నాయి. గర్భిణికి అంటితే కడుపులో బిడ్డ దక్కడం కష్టం.

"ఒక్కటి గుడ పోలె. అన్ని మంచిగున్నయి" అంది రామమ్మ.

అయితే మామూలు జ్వరమేనని మందులిచ్చి పంపారు. జ్వరం తగ్గలేదు. రోజూ సాయంత్రం నాగరాణి ఫోన్ చేసి "ఇయ్యాల ఎట్లుంది సింధూ?" అని అడగడం, ముఖం మాడ్చుకుని కిందికొచ్చి నా వంటింట్లో కూర్చోవడం. నేను టీ పెట్టి ఇచ్చేదాన్ని. ఇంకేం చేయగలను?

ఒక మధ్యాహ్నం మెట్ల మీంచి పిలిచింది. "మేడం, జర పైకి వస్తరా?"

వెళ్ళాను. తెర నిండా చుక్కలు. ఒక్కో చుక్క ఒక గొర్రె రక్తం. వానలకు ముందు తీసినవి నీలం, తర్వాత తీసినవి ఎరుపు. గొంతులన్నీ కలిపి చూసి సాఫ్ట్‌వేర్ వాటిని కూర్చోబెడుతుంది. ఒకే గొర్రెకు చెందిన నీలం చుక్కా ఎర్ర చుక్కా దగ్గర దగ్గరగా ఉండాలి, వాన వచ్చినా పోయినా గొర్రె తనే కాబట్టి. పరిగి మందల్లో అలాగే ఉన్నాయి.

"ఇగ మా మంద చూడుండ్రి" అంది.

కొన్ని నీలం చుక్కలు గుంపుకు దూరంగా, ఒక మూలన నిలబడి ఉన్నాయి. వాటి జత ఎర్ర చుక్కలు తెరకు అవతలి కొసన ఉన్నాయి.

"మొదటిసారే ఇవి వేరుగ నిలబడ్డయి మేడం. రోగానికి గొంతు పెంచే జన్యువులు వీటిల మస్తు గట్టిగుండె. రెండోసారి అవే పేర్లు చూస్తే సల్లగున్నయి. ఏదో వచ్చి తగ్గిందనుకోని పక్కన పెట్టినం."

"తగ్గితే మంచిదే కదనే."

"తగ్గలే." గొంతు పొడిగా ఉంది. "పుట్టినకాడికెల్లి సచ్చేదాక మారని గుర్తులుంటయి కద రక్తంల. అనుమానమొచ్చి గవి చూసిన. గవి గుడ మారినయి. గంగి పేరుతోని వచ్చిన రక్తం గంగిది కాదు."

ట్యూబులు తారుమారు చేసి ఉంటారని నేను విసుక్కున్నాను. ల్యాబుల సంగతి నాకు తెలియనిదా? కాలేజీలో నా మైక్రోస్కోపులే తారుమారు చేసేవాళ్ళు.

"తారుమారైతే పోశిది గంగికాడ, గంగిది ఇంకోదానికాడ ఉండాలె. గట్ల లేదు మేడం. సగం గుర్తులు కలుస్తున్నయి, గంగి పేరుతోని వచ్చింది గంగి బిడ్డ రక్తం. పోశి పేరుతోని పోశి బిడ్డది. మొదటిసారి ఎవరెవరు గీ మూలకు నిలబడ్డరో వాళ్ళే లేరు. అందరి జాగల వాళ్ళ బిడ్డలే నిలబడ్డరు. వాళ్ళ పేర్లు పెట్టుకోని."

ఫ్యాను తిరుగుతోంది. కింద కుక్కర్ కూస్తోంది. పట్టపగలు. నా చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. ఆ సంగతి నాకే కోపం తెప్పించింది.

"ఫోన్ చెయ్" అన్నాను.

చేసింది. స్పీకర్ పెట్టింది. రామమ్మ బీడు భూముల్లో ఉన్నట్టుంది, గాలి వినిపిస్తోంది.

"అవ్వా, గంగి ఎట్లుంది?"

"గంగికేమాయె? నా ముంగటనే మేస్తుంది. గంట ఇనబడ్తలేదా?"

వినబడింది. ఎక్కడో దగ్గర్లో పెద్ద గంట, తల ఊపినప్పుడల్లా మోగుతున్నట్టు.

"పోశి?"

"ఉన్నది."

"ఎర్రచెవుల?"

"అన్ని ఉన్నయి బిడ్డ. ఎందుకడుగుతున్నవు?"

"సచ్చినయా అవ్వా?"

గంట మోగుతూనే ఉంది. తర్వాత రామమ్మ గొంతు తగ్గించి, "గట్లనకు. మంద ఇంటది" అని ఫోన్ పెట్టేసింది.

మర్నాడు ఉదయం ఇద్దరం తాండూరు రైలెక్కాం. నన్నెవరు రమ్మన్నారని అడగకండి. ఒక్కదాన్ని పంపడానికి నాకు మనసొప్పలేదు. కిటికీ దగ్గర కూర్చుని చాలాసేపు బయటికి చూసి, నాగరాణి అంది: "మేడం, నేను ఆరో తరగతిల హాస్టల్‌కు పోయినప్పుడు గుడ గంగి ఉండె."

"అన్నేళ్ళు గొర్రె బతకదే పిల్లా."

"తెలుసు. పండుగకు ఇంటికి పోతే గంగి ముందల నడుస్తుండె. ఎమ్మెస్సీ అయినంక పోతే గుడ నడుస్తుండె. నేను ఎన్నడు లెక్క కట్టలే."

గొర్రెల జన్యువులు లెక్కపెట్టే పిల్ల ఇంట్లో గొర్రె వయసు లెక్కపెట్టలేదు. ఎగతాళి చేద్దామని నోరు తెరిచి మూసుకున్నాను. చిన్నప్పటి నుంచి ఉన్నదాన్ని ఎవరు లెక్కపెడతారు? మా ఇంటి గడపకు ఎన్నేళ్ళో నాకూ తెలియదు.

తాండూరులో దిగి బషీరాబాద్ ఆటో, అక్కడి నుంచి ఇంకో ఆటో. కంది చేలు దాటాక రాళ్ళ బీడు. మంద అక్కడే ఉంది. నాగరాణి తండ్రి బిచ్చయ్య కొన్నిటిని తోలుకుని వాగు వైపు పోయాడట. రామమ్మ కర్ర మీద గడ్డం ఆనించి నిలబడి ఉంది. సన్నటి మనిషి. సింధుజ తుమ్మ చెట్టు నీడలో శాలువా కప్పుకుని కూర్చుంది. అంత ఎండలో శాలువా. కళ్ళ కింద నలుపు. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను.

"గంగిని పిలువవ్వా" అంది నాగరాణి.

రామమ్మ నాలుకతో ఏదో శబ్దం చేసి, "గంగీ" అంది. ఒక గొర్రె మందలోంచి విడిపోయి నేరుగా వచ్చింది. మెడలో అరిగిపోయిన పెద్ద గంట. వచ్చి రామమ్మ మోకాలికి తల ఆనించి నిలబడింది. నాగరాణి దాని పెదవి పైకెత్తింది. ముందు రెండు పెద్ద పళ్ళు, మిగతావన్నీ పాల పళ్ళు. ఏడాది దాటి కొన్ని నెలలయినది, అంతకంటే ఉండదు. అది నేనూ చెప్పగలను.

"గంగికి నోరు నిండ పళ్ళుండె అవ్వా. అరిగిపోయి గుడ ఉండె."

"గిదే గంగి."

"పోశిని పిలువు."

పిలిచింది. అదీ వచ్చింది. ఎర్రచెవుల వచ్చింది. బొట్టుది వచ్చింది. అన్నీ పడుచు గొర్రెలే. పిలిచిన పేరుకు ఒక్కటి కూడా తడబడలేదు. మిగతా మంద మేత ఆపి మా వైపే చూస్తోంది. గొర్రెలన్నాక చూస్తాయి, అందులో వింతేమీ లేదని నాకు నేను చెప్పుకున్నాను. కానీ ఒక్కటి కూడా నమలడం లేదు.

"నాకు చెప్పకవ్వా" అంది నాగరాణి. "ఆచారం నీది, నీ దగ్గర్నే ఉంచుకో. డాక్టరమ్మకు చెప్పు. సచ్చినయని ఒక్క మాట చెప్తే సింధుకు సరైన పరీక్ష చేస్తరు, సరైన మందిస్తరు."

"నోటితోని అంటే ఉన్నయి గుడ వాటెంట పోతయి బిడ్డ" అంది రామమ్మ. పెదవులు కదిలీ కదలనట్టు మాట్లాడుతోంది. "మా అత్త నాకు జెప్పింది, వాళ్ళత్త ఆమెకు జెప్పింది. ఒకటి పోతె పొద్దు పొడవకముందు దాని గంట దాని బిడ్డకు గట్టాలె. చెవుల దాని పేరు జెప్పాలె. పోయిందని అనొద్దు. మందకు తెల్వద్దు."

"మందకు తెల్వకుంటె తెల్వకపాయె. నీ కోడలి కడుపులకు తెలిసింది కదా!"

అంత గట్టిగా ఆ పిల్ల తల్లి మీద అరవడం నేనెప్పుడూ వినలేదు. గంగి గంట ఒకసారి మోగింది. సింధుజ తల వంచుకుని ఏడుస్తోంది, చప్పుడు లేకుండా. రామమ్మ కోడలి వైపు చూసింది, మంద వైపు చూసింది. ఆ ఇంట్లో తరతరాలుగా గొర్రె చావలేదు. అలా ఉంచడానికి ఎంతమంది ఆడవాళ్ళు ఎన్ని మాటలు మింగారో అనిపించింది నాకు. ఆ మనిషి మీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

"నీకు ఎవరు జెప్పిన్రు?" అంది చివరికి. "మేం ఎవ్వలకు జెప్పలె."

"వాటి రక్తమే చెప్పింది."

రామమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఈడ అనను" అంది. "తాండూరుకు పా. ఆడికెల్లి మందకు ఇనబడది."

మంద బిచ్చయ్యకు అప్పగించి నలుగురం వెళ్ళాం. దవాఖానలో డాక్టర్ రెబెక్క కుర్చీ చూపిస్తే రామమ్మ కూర్చోలేదు. ముందు తలుపు వేయమంది. తర్వాత కిటికీ వేయమంది. బయట నాపరాళ్ళ లారీలు పోతున్నాయి తప్ప గొర్రె జాడ లేదు. అయినా నేను లేచి కిటికీ వేసి గడియ పెట్టాను.

రామమ్మ గోడకు ఆనుకుని చెప్పడం మొదలుపెట్టింది. గంగి పిల్లనేసింది, మాయ పడలేదు, జ్వరంతో ఒళ్ళు కాలి ప్రాణం పోయింది. పోశి పిల్లను సింధుజే చేతులు పెట్టి తీసింది, అప్పటికే చచ్చి ఉంది, పోశి తర్వాత పోయింది. ఎర్రచెవుల మేస్తూ మేస్తూ పడిపోయింది. ఒక్కో పేరు చెప్పాక ఆగి, కిటికీ వైపు చెవి పెట్టి వింటోంది. మేమూ వింటున్నాం. నాకు సిగ్గేసింది, కానీ విన్నాను. ఆమె చెప్పిన పేర్లు ఆ మధ్యాహ్నం తెర మూలన నిలబడ్డ పేర్లే. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు.

డాక్టరమ్మ సింధుజ రక్తం తీయించింది. అది పరీక్షకు హైదరాబాద్ పోవాలట. రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా మందు మార్చింది. మంద దగ్గరికి పోవద్దని చెప్పింది. లేవబోతూ ఇంకో మాట అడిగింది.

"ఇంతకుముందు ఎప్పుడన్న మీ ఇంట్ల మంద చూసే ఆడవాళ్ళకు గిట్ల జ్వరమొచ్చి కడుపు పోయిందా, రామమ్మా?"

రామమ్మ వేసి ఉన్న తలుపు వైపు చూసింది.

"నాకే" అంది. "గప్పుడు గుడ గొర్రెలు గిట్లనే పోయినయి. ఏడో నెల. ఆడపిల్ల. ఒక్క పొద్దు బతికింది. పేరు గుడ పెట్టినం."

"ఏం పేరు?" అంది డాక్టరమ్మ. అడగక్కర్లేని ప్రశ్న. ఊరికే అడిగింది.

"నాగరాణి."

పక్కనే ఉన్న నాగరాణి తల్లి ముఖంలోకి చూసింది. "అవ్వా, నాగరాణి నేను కదా."

"నువ్వు తర్వాత పుట్టినవు బిడ్డ. పేరు ఖాళీగ ఉంచొద్దన్నది మా అత్త. పొద్దు పొడవకముందు నీ చెవుల జెప్పింది."

నేను జువాలజీ చదివినదాన్ని, పేరుకూ రక్తానికీ సంబంధం లేదని నాకు తెలుసు. అయినా ఆ పిల్లను ముట్టుకోవడానికి నా చెయ్యి ఒక్క క్షణం వెనకాడింది. తర్వాత ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. చల్లగా ఉంది.

రామమ్మే మళ్ళీ అడిగింది, చిన్నపిల్ల అడిగినట్టు. "నీ కంప్యూటర్ల ఆమె గుడ కనబడ్తదా?"

"కనబడదవ్వా" అంది నాగరాణి. "ఆమె రక్తం ఎవరు తీసిపెట్టలే."

సింధుజకు డాక్టరమ్మ అనుమానించిన జ్వరమేనని రిపోర్టు వచ్చింది. సరైన మందు పడ్డాక సాయంత్రాలు ఒళ్ళు కాలడం ఆగింది. నెలలు నిండి తాండూరులో ఆడపిల్ల పుట్టింది. గట్టి పిల్ల, ఆస్పత్రి అదిరేలా ఏడ్చింది. ఆ ఇంట్లో ఎవరిదీ కాని పేరు కావాలని సింధుజ పట్టుబట్టి మనీషా అని పెట్టింది. రామమ్మ అడ్డు చెప్పలేదట. పశువుల డాక్టర్లు వచ్చి మందను పరీక్షించి, రోగమున్నవాటిని వేరు చేశారు. గొర్రెల చెవులకు బిళ్ళలు కూడా రామమ్మ వేయనిచ్చింది.

నాగరాణి మా మేడ మీదే ఉంది. అదే గొంగడి, అదే కన్నడం తిట్లు. బాగానే ఉంది. కానీ మొన్న కింద నా దగ్గర కూర్చుని బీన్స్ తుంచుతుంటే ఫోన్ వచ్చింది. స్పీకర్ పెట్టింది.

"నాగరాణీ" అంది రామమ్మ.

ఈమె పలకలేదు. ఫోన్ వైపు చూస్తూ ఉంది.

"నాగరాణీ, ఇనబడ్తుందా?"

"పలకవేమే?" అన్నాను.

ఆమె ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి, చాలా మామూలుగా చెప్పింది: "ముందు అక్కను పలకనిస్తున్న మేడం."